నానమ్మ కూర్చున్న పలక

సూర్యాపేటలో మా సందు చివర షెడ్డులో ఎవరైనా పాత ఇంజనుకు కిరోసిన్ పోసి తిప్పినప్పుడు, ఆ నల్లటి పొగ వాసన వంటింటి కిటికీలోంచి రాగానే నా చేతిలో గరిటె ఆగిపోతుంది. వానాకాలం వెళ్లిన కొత్తలో నిండుగా పారే కృష్ణ, దాని మీద మా మామ ఇంజను పడవ, ఆ పడవ ముందు పలక మీద కొంగు నడుముకు బిగించి కాపలా కూర్చున్న మా నానమ్మ కళ్ల ముందుకొస్తారు.

మాది మిర్యాలగూడ అవతల ఏటి ఒడ్డు ఊరు. మేనత్తను ఆవలి ఒడ్డుకిచ్చారు. పెళ్లయ్యాక మొదటి బతుకమ్మకు అత్త వచ్చింది. తంగేడు పూలు, గునుగు పూలు, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, చేతులకంటిన బెల్లం పాకాన్ని నాకుతూ మేము వాకిలంతా ఆడిన దాగుడుమూతలు, ఏవీ ఆ ఏడు నానమ్మకు పట్టలేదు. అల్లుడు పడవలో దొంగచాటుగా సారా సీసాలు దాటిస్తున్నాడని బతుకమ్మ ఆడేచోట ఎవరో ఆమె చెవిలో వేశారు. అసలే పాలవాడి చెంబులో వేలు ముంచి చూసే మనిషి, కూరలమ్మి తక్కెడను తిరగేసి చూసే మనిషి. “సీసాలు దొరికితే పిల్లను గట్లనే ఎన్కకు తోలుకొస్త, ఇగ పంప,” అని మా నాయనతో తేల్చి చెప్పింది. పండుగ వెళ్లాక అత్తను తీసుకుపోవడానికి మామ వస్తే, అరిసెల డబ్బా పట్టుకుని, నన్ను వెంటేసుకుని తనూ పడవెక్కింది.

నన్నెందుకంటే, మా ఇళ్లలో పాతకాలపు అత్తలు అల్లుడితో ఎదురుగా మాట్లాడరు. నడుమ ఒక పిల్ల ఉండాలి.

మామ చివర్న ఇంజను దగ్గర నిలబడ్డాడు. అత్త ఆయన పక్కనే వెనక పెట్టె మీద చీర కుచ్చిళ్లు పరుచుకుని కూర్చుంది. నేను నడుమ. నానమ్మ మాత్రం నేరుగా ముందుకు పోయి, మూత ఉన్న అర మీద, ఆ పలక మీదే చతికిలబడింది.

“మీ మామను అడుగు బిడ్డా, గీ పలక కింద ఏమున్నదో.”

“ఏం లేదని చెప్పమ్మా. అత్తగారిని నడుమకొచ్చి కూర్చోమను. ముందు బరువైతే ముక్కు నీళ్లలో దూరిద్ది. వెనక మరీ ఎక్కువైతే పైకి లేచి దారి కనపడదు. సర్దుకుని కూర్చుంటే నున్నగా పోద్ది.”

“సూసినవా? నన్ను ఈడికెళ్లి లేపుదామని సూస్తుండు. లేవనని చెప్పు.”

ఇద్దరూ వినపడేంత దూరంలోనే ఉన్నా నేను మాట మాటా చేరవేశాను. మామ ఇంజను వేగం పెంచాడు. మామూలుగా అయితే ముక్కు కాస్త లేచి పడవ జారిపోయేది. ఆ రోజు మాత్రం బురదలో దిగిన దున్నపోతులా ముక్కు వంచి, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొట్టుకుంటూ, నానమ్మ ముఖం మీద నీళ్లు చిమ్ముతూ నడిచింది. నది నడిమికి వచ్చేసరికి ఆమె కూర్చున్న పలక కింద గుడగుడమని చప్పుడైంది. నానమ్మ కళ్లు మెరిశాయి. నన్ను మరిచింది, వరసను మరిచింది.

“అల్లుడా! పలక నువ్వు లేపుతవా, నన్ను లేపమంటవా?”

ఆమే లేపింది. లోపల సీసాల్లేవు. అర నిండా నీళ్లు. నానమ్మ బిత్తరపోయింది, నేను ఏడుపందుకున్నాను.

“వెనక్కి రండి, ఇద్దరూ వెనక్కి రండి!” అని మామ అరిచాడు. మేము పాకుతూ వెనక్కి చేరగానే ముక్కు పైకి లేచింది. దాని పక్కన జానెడు పగులు నీళ్లకు పైన కనపడింది. ఎప్పుడూ పైనే ఉండే ఆ పగులును నీళ్లలోకి తొక్కింది నానమ్మ బరువే. పగులుందంటే పిల్లను పంపరని దాచానని మామ తల దించుకుని ఒప్పుకున్నాడు. నానమ్మ అరిసెలు నా ఒళ్లో కుమ్మరించి, ఆ డబ్బా మామ చేతికిచ్చింది. ఆయన నీళ్లు తోడి పోశాడు, పడవ మెల్లగా ఒడ్డు చేరింది.

నానమ్మ ఆ తర్వాత అత్తను వెనక్కి తెస్తానని ఎన్నడూ అనలేదు. “బంగారమసొంటి మనిషిని అనుమానపడ్డ,” అని పోయేదాకా లెంపలేసుకుంటూనే ఉంది.

ఇప్పుడు నది మీద వంతెన ఉంది. పడవను ఎప్పుడో పాత ఇనుము కింద అమ్మేశారు. ఈ కాలం అత్తలు అల్లుళ్లతో వీడియో కాల్‌లోనే వంట సంగతులు మాట్లాడుతున్నారు, నడుమ పిల్లల అవసరం లేదు. మొన్న ఆ పొగ వాసనకు గరిటె ఆగినప్పుడు నాకొక అనుమానం పుట్టింది. ముందు అర నిండా నీళ్లుంటే, బక్కపలచని పిల్ల, ఒక ముసలామె వెనక్కి జరిగినంత మాత్రాన ముక్కు అంత తేలిగ్గా ఎట్లా లేచింది? వెనక ఇంకేదో బరువుండాలి. పొగ కళ్లల్లో కొడుతున్నా, పడవ మునిగేలా ఉన్నా, అత్త ఒక్కసారి కూడా ఆ పెట్టె మీది నుంచి లేవలేదు. ఆ మాట గుర్తు రాగానే, లెంపలేసుకున్న నానమ్మ మీద జాలేసింది.

అత్తావాళ్లు ఇప్పుడుంటున్న కోదాడ పోయి, మామ బజారుకెళ్లిన వేళ చూసి అడిగాను. “అత్తా, ఆ రోజు నువ్వు కూసున్న పెట్టెల ఏముండె?”



“మా అమ్మ కండ్లు నీకే వచ్చినయ్ పిల్లా,” అని అత్త సోఫా మీద చీర కుచ్చిళ్లు నిండుగా పరుచుకుని కూర్చుంది.