మంచు మీద పోసిన మొదటి కప్పు

మంచుకు పడే చోటు చూపించేవాడు, పల్చటి గాలిలోనూ మనిషికి ఊపిరి అందించేవాడు దేవుడు. ముందు ఆయనకు స్తోత్రం. ఆ తర్వాతే నా మాట.

లద్దాఖ్‌లోని ఆ పోస్టుకు అక్టోబరు మొదట్లో చేరాను. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. కంటికి ఒక్క చెట్టు ఆనదు. మధ్యాహ్నం రెండు దాటితే గాలి లేచేది. నాలుగింటికి డబ్బాలో నీళ్లు గడ్డకట్టేవి. అందరికీ ఇచ్చిన సామానే నా వీపున కూడా. అదనంగా ఒక్కటే: మా ఊరు కోసిగిలో అమ్మ సుగంధి వేళ్లతో కాచి ఇచ్చిన నన్నారి పాకం సీసా.

రెండో రోజే మేజర్ గారు మందు స్టోరు తాళం నా చేతిలో పెట్టారు. తాగనివాడి దగ్గరే తాళం ఉండాలన్నది ఆయన పద్ధతి. మా నాన్నను సారా తినేసింది. అందుకే బాప్తిస్మం తీసుకున్న రోజున, చుక్క కూడా నాలుక మీద పడనివ్వనని దేవునికి మాటిచ్చాను. కాబట్టి ఆ పని ముక్కుతో నేర్చుకున్నాను. రమ్ములో కాగే బెల్లం వాసన. బ్రాందీలో ఎండుద్రాక్ష. గోవా డ్రైవరు తెచ్చుకున్న ఫెనీ మూత తీస్తే బంకరంతా మగ్గిన జీడిమామిడి పండు. మేజర్ గారి నారింజ లిక్యూర్‌లో పండు కన్నా ముందు తొక్క పలికేది. కింది ఊరివాళ్లు బార్లీతో కాచే అరక్‌లో తడిసిన గింజ, కొంచెం పొగ. రమ్ముకు వేడినీళ్లు, నిమ్మ, మిరియాలు. బ్రాందీకి నారింజది ఒక చెంచా, అంతకు మించితే చెడుతుంది. నేను కలిపిన గ్లాసు ఏనాడూ మిగిలి వెనక్కి రాలేదు. ఇది గర్వంగానే చెబుతున్నాను.

రేడియో చూసే మా సిగ్నల్ నాయక్‌ది రాయచోటి. "ఏమప్పా, ముక్కుతోనే తాగుతాండావే, నీకు ఎక్కదా?" అని ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడు మంచు ముందే పడింది. మాకు పైన, కనుమ దగ్గర ఇంకో పోస్టు ఉంది. అక్కడ ఎనిమిది మంది. హెలికాప్టరు ఎగిరే వాతావరణం కాదు. పైనుంచి రేడియోలో ఒకటే మాట: "కిరోసిన్ అయిపోతోంది. ఓవర్." మోసే కంచర గాడిదలు ఊరివాళ్లవి. మంచులో దారి కనబడదని వాళ్లు రామన్నారు. వాళ్లను ఒప్పించగలవాడు ఊరి పెద్ద ఒక్కడే.

మేజర్ గారు కబురు పెడితే ఆయన సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. తన అరక్ సీసా, ఎండు ఆప్రికాట్లు తెచ్చాడు. ఆయన తెచ్చిన దానితోనే ఆయనకు మర్యాద చేయమన్నారు మేజర్ గారు. అరక్‌లో వేడినీళ్లు పోశాను. ఆప్రికాట్లు నానిన రసం, నలిపిన అల్లం వేశాను. ఇంకా ఏదో తక్కువైందని ముక్కు చెప్పింది. అమ్మ సీసా తెరిచి రెండు చెంచాల నన్నారి వేశాను. పొగ వాసన కింద వేరు వాసన కుదురుకుంది.

పెద్దాయన వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత కప్పు నా వైపు తోశాడు. కలిపినవాడే మొదట తాగాలట, అది వాళ్ల ఆచారం. తాగకపోతే ఆ కప్పులో నమ్మకం లేనట్టే. మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

నేను తాగనని చెప్పాను. పెద్దాయన ముఖం బిగుసుకుంది. మేజర్ గారు ఆర్డర్ ఇవ్వలేదు, నా వైపు చూశారంతే. నాయక్ చెవి దగ్గరికి వంగాడు.

"ఒక్క గుటకప్పా. పైన ఎనిమిది మంది ఉండారు. ఇంత ఎత్తుకొచ్చి దేవుడు చూస్తాండాడా?"

"ఈడ ఇంకా దగ్గరప్పా ఆయన" అన్నాను.

అప్పుడు సండే స్కూల్లో విన్న ఒక రాజు గుర్తుకొచ్చాడు. దాహంతో ఉన్న ఆ రాజుకు ముగ్గురు సైనికులు శత్రువుల మధ్యనుంచి నీళ్లు తెచ్చారు. అవి వాళ్ల ప్రాణాలతో సమానమని, తాగకుండా దేవుని ముందు పారబోశాడాయన.

కప్పు తీసుకుని బయటికి నడిచాను. అందరూ వెనకే వచ్చారు. టోపీ తీసి, పై పోస్టు వైపు తిరిగి, కప్పంతా మంచు మీద పోశాను. ఇందులో ఎనిమిది మంది ప్రాణాలున్నాయి, ఇది నేను మింగేది కాదు, దేవునికి ఇచ్చేది అని నాకొచ్చిన హిందీలో పెద్దాయనకు చెప్పాను.

పెద్దాయన లోపలికి వెళ్లి మిగిలిన దానితో తన కప్పు నింపుకొచ్చాడు. ఉంగరం వేలు ముంచి మూడుసార్లు ఆకాశంలోకి చిలకరించాడు. తాగే ముందు పైకి ఇవ్వడం వాళ్లలోనూ ఉందట. తర్వాత ఒక్క గుక్కలో కప్పు ఖాళీ చేశాడు.

తెల్లారేసరికి కంచర గాడిదలు వచ్చాయి. ముందు నడిచింది పెద్దాయనే. మధ్యాహ్నం రేడియో పలికింది: "కిరోసిన్ చేరింది. అందరం క్షేమం. ఓవర్." నాయక్ నా భుజం మీద చేయి వేశాడు. "నీ దేవుడు దగ్గరే ఉండాడు లేప్పా" అన్నాడు.

ఇంటికొస్తూ నేను డోన్ స్టేషన్‌లో దిగింది మే నెలలో. ఎండకు ట్రంకు పెట్టె పట్టుకుంటే చేయి కాలింది. ఇప్పటికీ బంధువులు వచ్చి మిలిటరీ రమ్ము ఉందా అని అడుగుతారు. సీసా ఇవ్వను. ఎండకు నన్నారి, నిమ్మ, అల్లం కలిపి గ్లాసు ఇస్తాను. తాగే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం, ఇందులో రమ్ము ఎంత పోస్తే వాసన చెడదో చెబుతాను. ఆ కొలత చాలా తక్కువ.

కళ్లు మూస్తే ఒకటే కనబడుతుంది: తెల్లటి మంచులో నన్నారి రంగు గుంట, అందులోంచి నిలువుగా లేస్తున్న ఆవిరి. ఈ పూట కూడా ఆ కనుమ దగ్గర ఎవరో కాపలా ఉన్నారు. చేతిలో ఉన్న గ్లాసు ఒక్క నిమిషం కింద పెట్టి, వాళ్ల పొయ్యి ఆరకూడదని నాతో కలిసి దేవుణ్ణి అడగండి. ఆమేన్.