మునగాకు రసం, మా అవ్వ న్యాయం

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే ఆ రోజుల్లో, తెల్లకోటు తొడుక్కున్న వాళ్ళందరినీ సైన్సు సొంత బిడ్డల్లా చూసుకుంటుందని నా గట్టి నమ్మకం. (ఆ కోటు కూడా నాది కాదు. జేబు మీద సిరా మరకతో సహా ఒక సీనియరక్క ఇచ్చింది.) పుంగనూరు పక్క పల్లె నుంచి రోజూ బస్సులో మదనపల్లె కాలేజీకి పోయి జువాలజీ చదివేదాన్ని. తర్వాత కుప్పంలో ఎమ్మెస్సీ చేసి, ఆపైన పరిశోధనలతో పట్టుపురుగుల జాతిని ఉద్ధరించాలని ఆశ. నాన్న మాత్రం ఒకే మాట అన్నాడు: "ఫస్టు క్లాసొస్తే కుప్పం పో. రాకుంటే ఈడే ఏదో ఒకటి సూసుకో." నా మార్కులేమో అంచు మీద వేలాడుతున్నాయి. ఇక ప్రాజెక్టే దిక్కు.

మా ఇంట్లో పట్టుపురుగులు మేపుతారు కాబట్టి షెడ్డులో ఒక మూల రెండు తట్టలు అడిగి తీసుకున్నాను. ఒక తట్టకు మునగాకు రసం చల్లిన మల్బరీ ఆకు, రెండోదానికి ఉత్త నీళ్ళు చల్లిన ఆకు. రసం తిన్న పురుగులు బరువైన గూళ్ళు కడితే నేను గట్టెక్కినట్టే. పొద్దున, సాయంత్రం మేత నేను వేసేదాన్ని. మధ్యాహ్నం కాలేజీలో ఉంటాను గనక ఆ పూట అవ్వ వేసేది. ఏ తట్టకు ఏ సీసానో ఆమెకు మూడుసార్లు చెప్పాను. "నాకు నేర్పిస్తాండావా? మీ నాయన పుట్టకముందు నుంచీ మేపుతాండా" అని కసిరింది.

పురుగులు గూళ్ళు కట్టాయి. సంచిలో వేసుకుని ల్యాబుకు పరుగెత్తి తూచాను. రెండు తట్టల గూళ్ళూ ఒకే బరువు! త్రాసు చెడిందేమోనని రూపాయి బిళ్ళ వేసి చూశాను. త్రాసు నిక్షేపంగా ఉంది. వైవాకు ఇంకా మూడే రోజులు, మళ్ళీ మేపాలంటే నెల కావాలి. బస్సులో ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

"యాలమ్మా ఏడుస్తాండావు?" అంది అవ్వ.

"రెండు తట్టలూ ఒకే బరువొచ్చినాయి అవ్వా!"

అవ్వ ముఖం వెలిగిపోయింది. "రాక యాడికి పోతాయి? నేను సూసుకుంటి కదా."

"ఏం సూసుకున్నావు?"

"ఒకే పంక్తిలో కూసోబెట్టి ఒగరికి రసం, ఒగరికి ఉత్త నీళ్ళా? పంక్తిభేదం పాపం కాదా? నోరులేని జీవాలు! మద్యాన్నం పూట ఆ తట్టకీ నేనే రసం పోస్తి. పొద్దున లోటు తీరల్లని రవ్వంత ఎక్కువే పోస్తిలే."

"నా బతుకు నాశనం చేసినావు కదే!" అని అరిచాను. అవ్వకు ఏమీ అర్థం కాలేదు. "పురుగులు బాగనే ఉండాయి కదమ్మా?" అంది మెల్లగా.

స్నేహితురాలికి ఫోన్ చేస్తే తేలిగ్గా తేల్చేసింది. "ఆ నీళ్ళ తట్ట బరువు కొంచెం తగ్గించి రాసెయ్ మే. మళ్ళా ఎవురు తూస్తారు?" పెన్ను పట్టుకున్నాను గానీ చెయ్యి కదల్లేదు. తగ్గించి రాస్తే అవ్వ మేపిన పురుగులు సరిగా పెరగలేదని రాసినట్టే కదా. అంత కోపంలోనూ ఆ అబద్ధం ఆడలేకపోయాను.

వైవాలో సారు రికార్డు తిరగేసి, "తేడా ఎందుకు రాలేదమ్మా?" అన్నారు.

"మా అవ్వ సార్" అన్నాను.

కథంతా విని సారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. ఆ నవ్వు చూసి గట్టెక్కాననుకున్నాను. (ఎంత పిచ్చిదాన్ని!) నవ్వినంత తీరిగ్గా మార్కులు కోసేశారు. ఫస్టు క్లాసు మూడు మార్కుల్లో పోయింది, నాన్న మాట మీద నిలబడ్డాడు, నేను బీఈడీలో చేరాను. ఎప్పుడైనా నేనెక్కిన రైలు కుప్పంలో ఆగితే ఇప్పటికీ కిటికీ వైపు తిరగను.

ఇప్పుడు పుంగనూరులో సైన్సు టీచర్ని. పిల్లల రికార్డుల్లో ప్రతి ప్రయోగమూ పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది. సంతకాలు పెట్టీ పెట్టీ విసుగు. మొన్న ఒక అమ్మాయి చిక్కుడు మొక్కల లెక్క తెచ్చి బిక్కచచ్చి నిలబడింది. చీకట్లో పెట్టిన మొక్క, ఎండలో పెట్టిన మొక్క, రెండూ ఒకే రకంగా పచ్చగా పెరిగాయట.

నవ్వాపుకోలేక అడిగాను: "ఇంట్లో ఎవరుంటారమ్మా, పగటిపూట?"