ఇప్పనూనె మొగురాలకు నేనేసిన రంగు

ఆ దినాలల్ల మా ఇంట్ల మనుషుల నెత్తుల కంటే మొగురాలకే ఎక్కువ నూనె పట్టేది. అబద్ధం చెప్తలేను. మా నెత్తులకు వారానికోసారి, అదీ అవ్వకు తీరితే. మొగురాలకు మాత్రం ఉగాది పోయినంక, మిరుగు వానలు వచ్చే లోపల, మూడుసార్లు నూనె పడాల్సిందే. మా తాత కట్టిన భవంతి ఇల్లు అది. నడుమ వాకిలి, సుట్టూ పన్నెండు టేకు మొగురాలు (కట్టె స్తంభాలన్నట్టు), వాటి మీద దూలాలు, దూలాల మీద వాసాలు, పైన గూన పెంకులు. గోడలు పేరుకే, ఇల్లంత నిలవడ్డది కట్టె మీదనే. మా బాపు సాంచల కాడ మగ్గం పని చేసొచ్చి, కాళ్ళు కడుక్కునుడు అటెంక, ముందుగాల చిన్న సుత్తె పట్టుకొని ఒక్కొక్క మొగురాన్ని కొట్టుకుంట తిరిగేటోడు. ఠంగుమంటే నవ్వుతడు. బొదబొదమంటే ఆ పూట అన్నం తినడు (లోపట చెదలు సొచ్చిందని ఆయన లెక్క). "నాకు జరమొస్తే చెయ్యి పట్టి చూడడు గని, కట్టెలకు మాత్రం దినాం నాడి చూస్తడు" అని మా అవ్వ ఎన్నిసార్లు మొత్తుకున్నదో!

ఏటా ఎండకాలం బాపు బస్సెక్కి జైనూర్ దిక్కు పోయి, అక్కడి గూడేలల్ల గానుగ పట్టిన ఇప్పనూనె డబ్బా తెచ్చేటోడు. పాతగుడ్డ ముంచి రుద్దే పని నాది. అన్న సాంచల కాడికి పోవట్టె, అవ్వ నూలు కండెలు చుట్టవట్టె, ఇగ దొరికింది నేనే. డిగ్రీ చదివి కరీంనగర్ల ఒక ప్రైవేటు బడిల కొత్తగ టీచరమ్మనైన దాన్ని, నిచ్చెనెక్కి దూలాలకు నూనె రాసుకుంట కూసోవాలె! ఆ వాసన పదిరోజులైనా పోదు. బస్సుల పక్కసీటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. "బాపూ, ఊరంత స్లాబులు పోసుకుంటుండ్రు, మనకెందుకీ కట్టెల చాకిరి?" అంటే, "కట్టె నాలుగు తరాలు ఉంటది బిడ్డా, జర చూసుకోవాలె గంతే" అనేటోడు. ఆ జర చూసుకునుడు ఎవలి నెత్తిన పడ్డదో ఆయనకేం ఎరుక!

ఇంతల అన్నకు సంబంధాలు మొదలైనయి. మా దిక్కు పిల్లనిచ్చేటోళ్ళు ముందుగాల ఇల్లు చూడ వస్తరు. మూడు సంబంధాలోళ్ళు వచ్చిన్రు, పిల్లగాడు మంచిగున్నడన్నరు, నల్లబడ్డ మొగురాలను చూసి "గిదేంది, పొగచూరినట్టున్నది ఇల్లు" అనుకుంట పోయిన్రు. మళ్ళ రాలే. అన్న పైకి నవ్విండు గని, మూడోది తప్పినంక రెండు రోజులు సాంచల కాడికి సుత పోలే. నాలుగోది జగిత్యాల దిక్కుది, ఐతారం వస్తమని కబురు పంపిన్రు. ఇది సుత తప్పితే అన్న ఇగ పెండ్లి మాటే ఎత్తొద్దన్నడు. మా బాపు ఏం జేసిండు? శుక్రవారం డబ్బా పట్టుకొని జైనూర్ పోయిండు! కొడుకును చూడ మంది వస్తుంటే నూనెకు పోయిన తండ్రిని మీరెక్కడన్న చూసిన్రా? "ఐతారం పొద్దుగాల్ల వస్త, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నడు.

అగో, అప్పుడు పుట్టింది నాకు తెలివి. మొగురాలకు మంచిగ చాక్లెట్ రంగేస్తే ఇల్లు కొత్తగైతది, సంబంధం కుదురుతది, నా నూనె చాకిరి సుత పీడపోతది. రంగుల దుకాణపాయన "కట్టెకు నూనె గిట్ల ఉన్నదా మేడం?" అని అడగనే అడిగిండు. "లేదు, పోయినేడుది ఎప్పుడో ఎండిపోయింది" అన్న (నలభై ఏండ్ల నూనె తాగి కూసున్న కట్టె అని నాకు తోచనే లేదు). శనివారం అవ్వ వద్దంటే వద్దని మొత్తుకుంటున్నా ఇనకుండ, పన్నెండుకు పన్నెండు మొగురాలకు రంగేసిన. పొద్దుమూకే వరకు ఇల్లు పెండ్లి కొడుకు లెక్క మెరిసింది. అన్న సుత "మస్తుగున్నదే!" అన్నడు.

ఐతారం లేచి ఏలు పెట్టి చూస్తే జిగట. ఫ్యాను పెట్టిన, చాటతోని విసిరిన, దేవునికి మొక్కిన. ఎండ ఎక్కినకొద్ది లోపటి నూనె ఊరి పైకొచ్చి, రంగు ఇంకింత మెత్తబడ్డది. గప్పుడే బాపు డబ్బాతోని దిగిండు. మొగురాలను చూసిండు, నన్ను చూసిండు. నోరు తెరిచేటాళ్ళకే ఎనుకనే సంబంధమోళ్ళు వచ్చిన్రు.

పిల్ల తండ్రి తెల్లటి షర్టేసుకొని వచ్చిండు. "అక్కడ ఆనుకోకుండ్రి" అని ఎట్ల చెప్పాలె? ఈయన సక్కగ పోయి మొగురానికే ఆనుకొని కూసున్నడు. పావుగంటకు లేవబోతే షర్టు రాలే. గుంజితే చర్రుమన్నది, మా మొగురంల సగం ఆయన ఈపు మీదికి పోయింది. పిల్ల నాయినమ్మ లేచి, మొగురాన్ని గోటితోని గీకి వాసన చూసింది. "ఇప్పనూనె మీద రంగా? గీ తిక్కపని ఎవలు చేసిన్రు?" అన్నది. అన్న మొకం మాడిపోయింది. చెప్పుదామని నోరు తెరిచిన.

"నేనే ఏసిన అవ్వా. ముసలోన్నయిన, మతి పనిచేస్తలేదు" అన్నడు బాపు. బస్సు దుమ్ము ఇంక ఒంటి మీదనే ఉన్నది, చేతుల డబ్బా అట్లనే ఉన్నది!

ముసలామె ఆయనను కింది నుంచి పైదాక చూసింది. మొగురాన్ని ఏలి కణుపులతోని ఠంగుమని కొట్టింది. "కట్టె మంచిగనే ఉన్నది" అని, నేనిచ్చిన చాయ్ తాగి పోయింది. నాలుగు రోజులకు ఖాయమని కబురొచ్చింది. నేను నమ్మలే.

ఇగ నా శిక్ష. బాపు పగిలిన గాజుపెంకు చేతికిచ్చి "గీకు" అన్నడు. ఒక్క మాట తిట్టలే, అదే ఇంకింత మండింది నాకు! ఇద్దరం కలిసి మిరుగు వచ్చేదాక గీకినం. నా భుజాలు పడిపోయినయి. ఒక రోజు ఆగలేక అడిగిన, "నీ మీదెందుకు ఏసుకున్నవు బాపూ?" గీకుడు ఆపకుండనే అన్నడు, "నీ పేరు చెప్తే రేపు నీ సంబంధానికి వచ్చేటోళ్ళ దాక పోతది బిడ్డా. నా సంబంధం ఎన్నడో అయిపోయె గద."

ఇది జరిగి పద్దెనిమిదేండ్లు. మొన్న అన్న ఇంటికి పోయినప్పుడు ఇగ దాసుడెందుకని వదినకు చెప్పిన, "ఆ రంగు నేనేసిన్నే వదినా." ఆమె పకపక నవ్వింది. "మాకు ఆ రోజే ఎరుకనే! చాయ్ ఇచ్చినప్పుడు నీ గోర్లనిండ అదే రంగున్నదట. మా నాయినమ్మ ఇంటికొచ్చి ఏమన్నదో ఎరుకేనా? ఆడిబిడ్డ జర తిక్కది గని మామ మంచోడు. బిడ్డ తప్పు మీదేసుకున్నోడు రేపు కోడలి తప్పు సుత మీదేసుకుంటడు, పిల్లనియ్యుండ్రి అన్నది."

అందరికీ ఎరుకైన ముచ్చటను పద్దెనిమిదేండ్లు గుండెల దాసుకొని పరేషానైన తెలివిగల్లదాన్ని నేను! వదినతోని నేను సుత నవ్విన, నవ్వుకుంటనే కొంగుతోని కండ్లు తుడుసుకున్న.