వల వాసన చూసిన టీచరమ్మ

మా టీచరమ్మ గారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. ఆ కబురు నేను చెబితే వన్ టౌన్‌లో ఒక్కడూ నమ్మలేదు. బతికున్నవాళ్ళ ఇళ్ళకు దండలు పంపించిన చరిత్ర నాది. చర్చి గంట మోగాక గానీ కొట్లు కట్టెయ్యలేదు.

ఎనిమిదో తరగతిలో నన్ను రెండేళ్ళు కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. మూడో ఏడు నేనే సిగ్గుపడి బడి మానేశాను. నాకు చదువు చెప్పడం మాత్రం ఆవిడ మానలేదు.

క్రిస్మస్‌కి ఎవరికైనా చీర పెడితే, నెల తిరక్కుండా వాళ్ళింటికి వెళ్ళి, అది దండెం మీదుందో పెట్టెలో ఉందో చూసి వచ్చేవారు. పెట్టెలో ఉంటే మరుసటేడు చీర కాదు, ఏం కావాలో అడిగి అదే ఇచ్చేవారు.

ఉప్పెన వచ్చిన ఏడాది మా వీధి వర్తకులం చందాలు వేసుకుని, దివిసీమలో ఒక జాలరిపేటకు నైలాన్ వలలు పంచాం. ఎంపిక నాదే. ఫొటో కూడా దిగాం. అదే ఊపులో రెండో పేటకూ వలలే పంపుదామంటే టీచరమ్మ గారు అడ్డం పడ్డారు.

"ముందిచ్చినవి పనికొచ్చాయో లేదో చూసొద్దాం పద."

"దానధర్మాలకు కూడా పరీక్షలేనా అండీ?"

"నీకింకా పరీక్షంటే భయం పోలేదురా."

నిజంగానే భయం వేసింది. ముందురోజే బస్సెక్కి పేటకు వెళ్ళాను. వలల కట్టలు విప్పనైనా లేదు. ఎందుకని అడగాలని నాకు తోచలేదు. చేపలు కొని వలలన్నిటికీ రుద్దించి, "బాగున్నాయని చెప్పండి" అని అందరికీ నేర్పి వచ్చాను.

మర్నాడు టీచరమ్మ గారు వల ఎత్తి వాసన చూశారు. నేను లోలోపల నవ్వుకుంటున్నాను. తర్వాత తీరిగ్గా వల అల్లికలో ఒక్కో కన్నూ వేళ్ళతో తడిమారు.

"వాసన బ్రహ్మాండంగా ఉందిరా. ఒక్క కన్నయినా తెగలేదేం?"

ఒక ముసలమ్మ ఉండబట్టలేకపోయింది. "వల యాడ ఎయ్యమంటారమ్మగోరూ, గుమ్మంలోనా? పడవలన్నీ ఉప్పెనలో పోయినయ్ గదా. ఇచ్చినోళ్ళ మనసు కష్టపెట్టడమెందుకని ఊరుకున్నాం."

టీచరమ్మ గారు నా వైపు తిరిగారు. "వాళ్ళది మర్యాదరా. మరి నీది?"



తిరిగొచ్చాక ఆవిడ తేల్చేశారు. ముందు ఆ పేటకే రెండు పడవలు ఇవ్వాలి. నెల తర్వాత చెప్పాపెట్టకుండా వెళ్ళి చూడాలి. పనికొస్తేనే రెండో పేటకు.

"అందాకా ఆ రెండో పేటవాళ్ళు గాలి తింటారాండీ?" అన్నాను కసిగా.

"బియ్యం రేపే పంపు. ఆకలికి పరీక్ష అక్కర్లేదు, మన తెలివికి కావాలి."

జాలిపడేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఇచ్చాక వెనక్కి వెళ్ళి, తప్పయితే తప్పేనని ఒప్పుకునే జాలి ఆవిడ దగ్గరే చూశాను.

నెల తర్వాత ఇద్దరం వెళ్ళాం. పడవ అప్పుడే ఒడ్డుకొచ్చింది. మమ్మల్ని పలకరించే తీరిక ఎవరికీ లేదు. "పక్కకి జరగండమ్మగోరూ, దారికడ్డం" అని గంపెత్తుకున్న ఒకామె కసిరింది. టీచరమ్మ గారు జరిగారు. ఇంకొకామె కసిరితే ఇంకాస్త జరిగారు. అలా జరిగి జరిగి నీళ్ళలోకి వెళ్ళిపోయి, చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా చూసుకోకుండా, చెప్పులు చేత పట్టుకుని, మొహమంతా నవ్వుతో నిలబడ్డారు.