రెండో ఆమెన్

సికింద్రాబాద్‌లో లోకల్ రైలు కదిలింది. మెడలో కంపెనీ ట్యాగులు వేసుకున్న పిల్లల మధ్య, నా పక్కన కూర్చున్న నర్సు ఉలిక్కిపడింది.

"అక్కా, జెర ఫోనిస్తవా? నాది వార్డులనే మర్చిన. ఒక ముసలామెకు ఇన్సులిన్ ఇచ్చిన, చార్టుల రాసిన్నో లేదో యాదికొస్తలేదు. రాయకుంటే ఇంకో సిస్టర్ మళ్ల ఇస్తది. పానం పోతది."

రెండుసార్లు చేసినా వార్డులో ఎవరూ ఎత్తలేదు.

తనకు ధ్యాస ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ ఉందని, అది పెద్దవాళ్లకూ ఉంటుందని డాక్టరు చెప్పాడట. "మా అత్త నమ్మది. తలకాయ ఏడ వెట్టొచ్చినవే అంటది" అని నవ్వబోయి ఏడ్చేసింది.

చిన్నప్పటి నుంచి దేవుని వాక్యం వింటూ పెరిగినదాన్ని, నాకు తెలిసింది ఒక్కటే. "ప్రార్థన చేసుకో తల్లీ" అన్నాను.

"చేస్తనే ఉన్న అక్కా. ప్రభువా అంటనో లేదో, మనసు ఎటో పోతది. ఆమెన్ దాంక ఒక్కనాడు పోలే. నా దిక్కు నుంచి నువ్వన్న అనవా?"

తర్వాతి స్టేషనులో ఫోను నా చేతిలో పెట్టి దిగి, తిరిగి ఆసుపత్రికి వెళ్లడానికి ఆటోల వైపు పరుగెత్తింది. బేగంపేట దాకా ఆ నంబరుకు నేనే చేస్తూ కూర్చున్నాను. ఎవరూ ఎత్తలేదు.

చర్చిలో సంఘమంతా ఆమెన్ అన్నాక ఇప్పటికీ నేను ఇంకోసారి అంటాను. పక్కవాళ్లు తిరిగి చూస్తారు.