ఎడమ కాలు

"... అదే నీ కొడుకైతే ఇలా నెలల తరబడి పక్కన కూర్చోబెట్టుకుని నాన్చేవాడివా ఉడా?" అంటూ అస్నిమార్, యార్డు గేటు పక్క తన తిండి కొట్లో, లొంతొంగ్ అన్నపు దిమ్మలు కోస్తున్న కత్తిని బల్ల మీద విసురుగా పెట్టింది.

"నా కొడుకైతే మొదటి రోజే బండి మీంచి దింపేసేవాణ్ణి," అన్నాడు ఆమె అన్న నస్రిల్.

"నీ కొడుకుని చూసుకోడానికి వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళున్నారు. నా కొడుక్కి దిక్కు నువ్వే. మన ఆచారంలో వాడి మామక్‌వి, మేనమామవి నువ్వు."

"కాదన్నానా?"

"ఔననీ అనడం లేదుగా!"

బెంచీ మీది డ్రైవర్లు తలలు పళ్ళేల్లోకి దించుకున్నారు. ఒకడు మాత్రం, "ఉనీ, అక్కా, మీ అన్నాచెల్లెళ్ళ గొడవ తేలేలోపు నాక్కాస్త పులుసు పొయ్యి," అన్నాడు.

"నీకు పులుసు కాదు, వాత పెట్టాలి," అంటూనే ఆమె గరిటెడు పోసింది. పోస్తూ అన్నకేసి చూడకుండా చెప్పింది. "వాడు బట్టలు సర్దుకున్నాడు ఉడా. ఇవాళ నువ్వు మాట చెప్పకపోతే రేపు జంబి పోతాట్ట, బొగ్గు లారీలకి. అక్కడ ఎవరూ పరీక్షలు పెట్టరట."

నస్రిల్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. జంబి బొగ్గు లారీల సంగతి అతనికి తెలుసు. అక్కడ తాళం చేతికిచ్చి దారి చూపిస్తారు, అంతే. పక్క సీటులో ఎవరూ ఉండరు. రెండు ట్రిప్పుల మధ్య కునుకు తీసినవాడు అదృష్టవంతుడు.

పాదాంగ్‌లో బరువు ట్రెయిలర్లు నడిపేవాళ్ళకి ఒక కట్టు ఉంది. సర్కారు లైసెన్సు ఎంత పెద్దదైనా కొత్తవాడు డ్రైవరైపోడు. పాతవాడొకడు పక్కన కూర్చుని కనుమ దింపించి, ఒకరోజు యార్డులో నలుగురి ముందూ "వీడు ఒంటరిగా దింపగలడు" అనాలి. ఆ మాట తర్వాత కొత్తవాడు అందరికీ సొన గిలక్కొట్టి పోసిన గుడ్డు టీ తాగిస్తాడు. ఆ తర్వాత వాడి బండికి ఏమైనా అయితే జనం ముందుగా అడిగేది ఆ మాట అన్నవాడి పేరే.

నస్రిల్ కూడా అలా వచ్చినవాడే. మీసాలు రాకముందు, ఎత్తెక్కే లారీ వెనక భుజాన చెక్క దిమ్మెతో పరిగెత్తేవాడు. బండి ఆగితే చక్రం కింద దిమ్మె తొయ్యడం అతని పని. కుడి చేతి చిటికెన వేలు అప్పుడే పోయింది. తర్వాత స్టీరింగు పట్టి ట్రాన్స్‌ఫార్మర్లు, సిమెంటు మిల్లు రోలర్లు సితింజావ్ లావిక్ కనుమ మీదుగా దాటించాడు. మోకాళ్ళు అరిగాక పక్క సీటుకి మారాడు. అతను తయారుచేసినవాళ్ళు ఇప్పుడు కాలిమంతన్ గనుల దాకా ఉన్నారు. అతను వద్దని పంపేసినవాళ్ళు అంతకంటే ఎక్కువ. వాళ్ళు టీ కొట్టుల్లో అతన్ని తిట్టుకుంటారని తెలుసు. ఆ తిట్లు విని ఎప్పుడూ నిద్ర చెడలేదు. ఈ నెలలో చెడింది.

మేనల్లుడు హరిస్మాన్ తెలివితక్కువవాడు కాదు. తాళ్ళు బిగించడం, గాలి గొట్టాలు చూడడం, మలుపులో వెనక చక్రాలు ఎక్కడికొస్తాయో లెక్కకట్టడం, అన్నీ చెప్పక ముందే పట్టుకున్నాడు. వాడి జబ్బల్లా ఎడమ కాల్లో ఉంది. ఆరేళ్ళు ఊళ్ళో షేర్ వ్యాను తోలాడు. రోడ్డు పక్క ఎవరైనా చెయ్యెత్తితే చాలు, కాలు క్లచ్ మీదకి పోతుంది. వ్యానుకి అది అన్నం పెట్టే అలవాటు. కనుమ దిగే ట్రెయిలర్‌కి మాత్రం అది చావు. పైన ఏ గేరులో వేశావో కింద దాకా ఆ గేరే. బరువుని పట్టి ఆపేది ఇంజనే. క్లచ్ తొక్కితే ఇంజను పట్టు వదిలేస్తుంది. అరవై టన్నులు కొండ మీంచి స్వేచ్ఛగా దొర్లుతాయి.

ఖాళీ ట్రెయిలర్‌తో దింపినప్పుడు నస్రిల్ రెండుసార్లు ఆ కాలు లేవడం చూశాడు. అప్పట్నుంచి వాడి ఎడమ చెప్పు తీయించి, ఆ కాలు మడిచి సీటు కిందకి పెట్టించి దింపిస్తున్నాడు. వారం రోజులుగా కాలు కదల్లేదు.

ఇవాళ బరువుతో దింపాలి. మరమ్మతుకి రేవుకి పోవలసిన పాత ట్రాన్స్‌ఫార్మర్‌ని నిన్ననే కనుమ పైకి తెచ్చి నిలిపారు. మామా అల్లుళ్ళిద్దరూ జీపులో పైకెళ్ళారు.

"బిస్మిల్లా," అని హరిస్మాన్ రెండో గేరు వేసి వదిలాడు.

మొదటి మలుపులు నీళ్ళు పోసినట్టు దిగాడు. ఇంజను మూలుగుతూ బరువుని వెనక్కి లాగుతోంది. నస్రిల్ కళ్ళు రోడ్డు మీద లేవు, ఆ మడిచిన కాలి మీద ఉన్నాయి.

"మామక్, నా కాలికి దిష్టి తగుల్తుంది. కాస్త రోడ్డు కూడా చూడు," అన్నాడు హరిస్మాన్ నవ్వుతూ.

"రోడ్డు ఎక్కడికీ పోదు. నోరు మూసుకుని దింపు."

పెద్ద మలుపు దగ్గర పుదిన్ నిలబడి ఉన్నాడు. వచ్చే పోయే బండ్లకి దారి చూపించి చిల్లర పుచ్చుకునే మనిషి. ఎప్పుడూ ఈల వేసి, మెడలో తువ్వాలు తీసి ఊపుతాడు. ఇవాళ ఎదురుగా వస్తున్న మినీబస్సుని ఒక చేత్తో ఆపుతూ, రమ్మని రెండో చెయ్యి ఎత్తాడు.

ఇంజను మూలుగు ఠక్కున ఆగిపోయింది.

"కాలు! కాలు తియ్యి!"

హరిస్మాన్ రెండు కాళ్ళతోనూ తొక్కుతున్నాడు. బండి వాలులోకి జారింది. వెనక గొలుసులు కిర్రుమన్నాయి. మినీబస్సులో ముందు సీటామె నోరు తెరవడం నస్రిల్‌కి అద్దంలోంచి కనిపించింది. ట్రెయిలర్ బ్రేకు పిడిని లాగి పట్టుకుని, రెండో చేత్తో స్టీరింగుని కొండవైపుకి ఒక్క తోపు తోశాడు. బంపరు రాతిని గీకుతూ పోయింది. ముందు చక్రం కాలవలో పడి బండి ఆగింది. మాడిన వాసన క్యాబిన్ నిండా కమ్మింది.

పుదిన్ దిమ్మెలు పట్టుకుని చక్రాల కిందకి దూరాడు. మినీబస్సులో పిల్లలెవరో ఏడుస్తున్నారు.

"ఎందుకు తొక్కావురా?" అన్నాడు నస్రిల్.

"ఏది?"

"క్లచ్చి."

హరిస్మాన్ కిందకి చూశాడు. ఎడమ కాలు ఇంకా పెడలు మీదే ఉంది, నేల దాకా నొక్కి. ఎవరిదో కాలు అయినట్టు దాన్నే చూస్తూండిపోయాడు.

"నేను కాలు బయటికి తియ్యలేదు మామక్. ఒట్టు. సీటు కిందే ఉంది."

వాడు అబద్ధమాడి ఉంటే నస్రిల్‌కి అంత భయం వేసేది కాదు. అబద్ధమాడేవాణ్ణి తిట్టి దారికి తెచ్చుకోవచ్చు. తన కాలు తనకి తెలియనివాడికి ఏం నేర్పాలి?

వేరే బండి కట్టి లాగించేసరికి మధ్యాహ్నం దాటింది. మిగిలిన కనుమ నస్రిలే దింపాడు. పక్క సీటులో హరిస్మాన్ మోకాలిని రెండు చేతులతో నొక్కిపట్టుకుని కూర్చున్నాడు. చివరి మలుపు దాటాక చిన్నగా అడిగాడు.

"మినీబస్సు అడ్డం వచ్చిందని చెప్దామా?"

నస్రిల్ అద్దంలో వెనక గొలుసులు చూసుకున్నాడు.

"జంబిలో కొండల్లేవు మామక్. అంతా చదునే. అక్కడ ఈ కాలుతో ఏం కాదు."

"రోడ్డు పక్క మనుషులు లేరా అక్కడ?"

హరిస్మాన్ తల తిప్పుకుని ఏడ్చాడు. నస్రిల్ ఓదార్చలేదు. ఓదారిస్తే తను కూడా ఏడుస్తానేమోనని రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

యార్డులో మేనేజరు ఎఫెండి వంగిన బంపరుని బూటుతో తట్టి చూశాడు. "ఇంతేగా? సరుకు బాగానే ఉంది కదా? బంపర్లు వంగుతూనే ఉంటాయి. నాకు రేపటికి మనుషులు చాలడం లేదు పాక్ నస్రిల్‌గారూ. ఆ ఒక్క మాటా అనెయ్యండి, వీణ్ణి బండెక్కిస్తాను."

అస్నిమార్ గేటు దగ్గర్నుంచి తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ముందు కొడుకు ఒళ్ళు తడిమి చూసింది. దెబ్బ ఏమీ లేదని తెలిశాక అన్న మొహంలోకి చూసింది. పొద్దున్నటి కోపం లేదు. "ఉడా," అంది. "వాడికి మనసు విరిగిపోతుంది. పదిమందిలో కాదనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

డ్రైవర్లు టైర్ల గుట్ట మీంచి దిగొచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎవరో అప్పటికే గుడ్డు టీకి పిల్లాణ్ణి పంపబోతే, పక్కవాడు చొక్కా పట్టి ఆపాడు.

నస్రిల్ మేనల్లుడి ముందు చెయ్యి చాపాడు.

"నీ లైసెన్సు ఇలా ఇయ్యి."

హరిస్మాన్ తల్లికేసి చూసి, జేబులోంచి తీసి ఇచ్చాడు.

"వీడు కనుమ దింపలేడు," అన్నాడు నస్రిల్, వెనకున్నవాళ్ళకి కూడా వినిపించేట్టు. "జంబికీ పోడు. ఇది నా దగ్గరే ఉంటుంది."