ఒషావా నుంచి ఫించ్ దాకా, ఒడిలో బికో గిన్నె

ఆతే మెర్లీ వారం రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని విని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. నేను ఒషావాలో చదువుకుంటూ వారానికి ఇరవై గంటలు ఒక వృద్ధుల హోమ్ వంటగదిలో పనిచేస్తాను. కత్తి పట్టుకోవడం దగ్గర్నుంచి అక్కడ నాకు అన్నీ నేర్పింది ఆవిడే. ఆతే అంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషలో అక్క. ఆ దేశంలోనే ఉన్న వాళ్ళమ్మ పోయింది. వర్క్ పర్మిట్ రెన్యువల్‌లో ఉండడంతో ఇప్పుడు దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనన్న భయంతో వెళ్ళలేక, అంత్యక్రియలు ఫోన్లో చూసింది. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదట.

వాళ్ళలో తొమ్మిది రోజులు ప్రార్థనలు చేస్తారు. చివరి రోజు వచ్చేవాళ్ళు తలా ఒక వంటకం తెస్తారు. ఏం తేవాలని అడిగితే ఏమీ వద్దంది. కానీ బ్రేక్‌లో కూర్చున్నప్పుడల్లా ఆవిడ చెప్పే వంటకం నాకు తెలుసు. వాళ్ళమ్మ చేసే బికో. జిగురు బియ్యం, కొబ్బరిపాలు, బ్రౌన్ షుగర్ కలిపి ముక్కలు కోసేంత గట్టిగా దగ్గరపడేదాకా ఉడికిస్తారు, మన పరమాన్నానికి చుట్టమే. అదైతే తింటుందని నా ఆశ.

శనివారం ఫిలిప్పీన్స్ వాళ్ళ కొట్టుకు వెళ్ళాను. బియ్యం, రెండు డబ్బాల కొబ్బరిపాలు, చక్కెర కలిపి పద్నాలుగు డాలర్లయింది. మామూలు పార్టీకి వెళ్ళే శాకాహారులు కూరగాయల లుంపియా రోల్స్ గానీ, మాంసం లేని పన్‌సిత్ నూడుల్స్ గానీ తీసుకెళ్ళొచ్చని కొట్టావిడ చెప్పింది. మీరు కొంటే పోర్క్ కలిసిందేమో అడగండి. బియ్యం బాగా నానాలని కూడా చెప్పింది. అన్నం తిని పెరిగినదాన్ని, బియ్యం గురించి నాకు చెప్పేదేమిటని తలూపి వచ్చేశాను. పొగరు కాకపోతే ఏమిటి!

మా బేస్‌మెంట్లో ఆరుగురు అమ్మాయిలం, ఒకటే స్టవ్. ఆదివారం నా వంతు ఎనిమిది నుంచి తొమ్మిది. మనింటి బియ్యంలాగే అరగంట నానబెట్టి ఎసట్లో పోశాను. రూమ్మేట్ శ్రావణి తొంగిచూసి, ఉడికిందో లేదో కొంచెం నోట్లో వేసుకుని చూడవే అంది. వాళ్ళమ్మ ఫొటో ముందు పెట్టేదాన్ని ఎంగిలి చేస్తామా అని కసిరాను. తొమ్మిదవుతోందన్న కంగారులో చక్కెర వేసి తిప్పేసి, మా అమ్మమ్మ పేరు చెక్కిన స్టీలు గిన్నెలోకి తీసి తువ్వాలు చుట్టాను.

పదింటి తర్వాత రైలెక్కాను. వారాంతపు పాస్ పది డాలర్లు. యూనియన్ స్టేషన్‌కు గంట పడుతుంది, ఎడమవైపు కూర్చుంటే అక్కడక్కడా సరస్సు కనిపిస్తుంది. ఆ రోజు నీళ్ళూ ఆకాశమూ ఒకటే బూడిదరంగు. గిన్నె వేడి ఒడికి తగులుతుంటే, తింటుందా తినదా అన్న ఆలోచన తప్ప నాకింకేం లేదు. యూనియన్‌లో సబ్‌వేకి మారి, ఇంకో మూడు డాలర్ల చిల్లర పెట్టి ఫించ్‌లో దిగాను. మంచులో పది నిమిషాలు నడిస్తే ఆతే బంధువుల అపార్ట్‌మెంట్.

బల్ల నిండా ట్రేలు. ఫొటో ముందు కొవ్వొత్తి. ఆతే ఒక్కో వంటకం నుంచి కొంచెం కొంచెం తీసి ఫొటో ముందున్న పళ్ళెంలో పెడుతోంది. నా గిన్నె దగ్గర చెయ్యి ఆగింది. ప్రార్థన అయ్యాక ఇంకేదీ ముట్టకుండా బికోనే పెట్టుకుని నోట్లో వేసుకుంది. కరకరమన్న శబ్దం నాకు వినపడింది. నేనూ ఒక ముద్ద తీసుకుని చూశాను. గింజ లోపల పలుకు! తీపి పడ్డాక బియ్యం ఇక ఉడకదని తెలియని దాన్నా? సిగ్గుతో చచ్చిపోయాను.

"రుచి చూడలేదా?" అని అడిగింది.

"లేదు ఆతే. ముందు అమ్మకి పెట్టాలి కదా. మా ఇళ్ళలో అంతే."

ఆవిడ ఫొటో వైపు చూసింది. "అమ్మ ఉంటే నిన్ను గరిటె పుచ్చుకుని తరిమేది" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఏడుస్తూనే నములుతూ పళ్ళెం ఖాళీ చేసింది. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

నాలుగింటికి లేచాను. అలాంటి ఇంటి నుంచి వాళ్ళు తిండి వెనక్కి తీసుకెళ్ళరు, ఇంటివాళ్ళు గుమ్మం దాకా సాగనంపరు. మనమేమో వెళ్ళొస్తానని అనం. సీ యూ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. బూట్లు వేసుకుంటూ గిన్నె వైపు చూశాను.

ఆతే కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. "గిన్నె ఉండనీ. నలభయ్యో రోజు ప్రార్థనకి ఇక్కడికొచ్చి అందులోనే వండు. ఈసారి రుచి చూడు" అంది.

ఈ రెండు మూడేళ్ళలో ఇక్కడికి వచ్చిపడ్డ నాలాంటి వాళ్ళకు చావు కబురు ఫోన్లోనే వస్తుంది, మర్నాడు షిఫ్టు ఉండనే ఉంటుంది. ఆతేకి వాళ్ళమ్మ చేతి వంట తినిపిద్దామని వెళ్ళి పలుకు పెట్టి వచ్చాను. అయినా ఆవిడ తిన్నది. దానికి నేనింకా సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియడం లేదు. మీరు చేస్తే మాత్రం జిగురు బియ్యం రాత్రంతా నాననివ్వండి, మెత్తగా ఉడికాకే చక్కెర వేయండి. రేపే నలభయ్యో రోజు. పట్టుకెళ్ళడానికి బియ్యం ఇప్పుడే నానబోశాను.